షుగర్ సంగతి మన సంఘం మీటింగ్‌లోనే మాట్లాడుకుందాం

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో మనం పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి అప్పు ఎంత, రికవరీ ఎంత అని లెక్క చెప్పుకుంటాం. ఈసారి మా సంఘం వాళ్లు మమ్మల్ని వేరే లెక్క చెప్పి రమ్మన్నరు. అది షుగర్ లెక్క. మేం డాక్టర్లం కాదు, నర్సులం కాదు. పదో తరగతి దాకా చదివి, పెండ్లయి ఈ ఊరికొచ్చి, సంఘం పుస్తకాలు రాసుకుంట రాసుకుంట లీడర్లమైనోళ్లం. పీహెచ్‌సీ డాక్టరమ్మ, ఏఎన్ఎం, ఆశా అక్క చెప్పంగ విన్నది కొంత, మేం తప్పు చేసి నేర్చుకున్నది కొంత, ఆ రెండూ మీ ముందు పెడుతున్నాం. ముందు మా తప్పు చెప్తం.

మేం వేసిన జరిమానా

మా సంఘంల ఒక అక్క ఉంది. పేరు చెప్పం. ఆమెనే చెప్పమన్నది, పేరు మాత్రం వద్దన్నది. పొదుపుల గానీ కిస్తీల గానీ పదేండ్లల్ల ఒక్కసారి కూడా వెనక పడలేదు. అట్లాంటి అక్క మూడు నెలలు వరుసగా కిస్తీ కట్టలేదు, మీటింగ్‌కు రాలేదు. బ్యాంకు లింకేజీ అప్పంటే మీకు తెలుసు, ఒక్కరు ఆపితే అందరి పేరు చెడుతుంది. మిగతావాళ్లం తలా ఇంత వేసుకొని రెండు కిస్తీలు కట్టినం. మూడో నెల మాకు కోపమొచ్చింది. అందరం కలిసి ఆమె ఇంటికి పోయి వాకిట్ల కూర్చున్నం. "పైసలు కట్టినంకనే ఇక్కడికెళ్లి లేస్తం" అన్నం.

ఆ అక్క గడప దాటి బయటికి రాలేదు. తలుపు పక్కన కూర్చొని చీర కుచ్చెళ్లు కిందికి లాక్కొని పాదం కప్పుకుంది. "వచ్చే నెల కడతనక్కా" అని ఒకటే మాట. ఇంట్ల ఏదో వాసన వస్తుందని మాలో ఇద్దరు ముగ్గురికి తెలిసింది. ఎవరం అడగలేదు. వచ్చి మినిట్స్ పుస్తకంల జరిమానా రాసి సంతకాలు పెట్టినం. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

అప్పటికి ఆమె కాలికి పుండై నెల దాటింది. బుడ్డలు పీకేటప్పుడు తుమ్మ ముల్లు గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టే ఆమెకు తెలువలేదు. రాత్రి కాళ్లు కడుక్కునేటప్పుడు రక్తం చూసింది. నొప్పి లేదు కదా అని పసుపు పెట్టింది, తర్వాత ఆకు పసరు పెట్టింది, తర్వాత ఊళ్లె కట్టు కట్టించుకుంది. పాదం నల్లబడి జ్వరం వచ్చినంక కొడుకు హైదరాబాద్ తీస్కపోయిండు. అక్కడ రక్తం చూస్తే షుగర్ 400 దాటి ఉంది. ముందు వేలు తీసేసిండ్రు. అది ఆగలేదు. మోకాలు కింద కాలు తీసేసిండ్రు.

ఆమెకు షుగర్ ఉన్నట్టు అంతకు ముందు ఎవరికీ తెలియదు అనుకున్నం. కాదు. మూడేండ్ల కింద ఒక క్యాంపులో చెప్పిండ్రంట. బిడ్డకు సంబంధాలు చూస్తున్నరు, "తల్లికి షుగరంట, పిల్లకు కూడా వస్తది" అంటరని ఇంట్ల దాచిపెట్టింది. కొన్ని రోజులు గోలీలు వేసుకొని, ఒంట్ల మంచిగనే ఉందని ఆపేసింది. పాదాలు తిమ్మిరెక్కుతుంటే పొలం పని వల్ల అనుకుంది.

మేం ఆమెకు అప్పు ఇచ్చేటప్పుడు అన్నీ అడిగినం. బర్రె ఎన్ని పాలిస్తది, భూమి ఎంత, కొడుకు ఏం పని చేస్తడు. "నీ ఒంట్ల ఎట్లుంది అక్కా?" అని మాత్రం అడగలేదు. సంఘం దశసూత్రాల్లో ఆరోగ్యం కూడా ఉంది. నెలకు రెండుసార్లు అవి చదువుతున్నం గానీ ఆ సూత్రం దగ్గర ఒక్కనాడు ఆగలేదు.

షుగర్ అంటే ఏంటిది

మేం తెలుసుకున్నది మన మాటల్లో చెప్తం. మనం తిన్న బువ్వ, రొట్టె కడుపులో కరిగి చక్కెరై రక్తంలోకి వస్తుంది. ఆ చక్కెర ఒంట్లోని కణాల్లోకి పోతేనే మనకు శక్తి. అది లోపలికి పోవాలంటే ఇన్సులిన్ అనేది కావాలి. పొట్టలో క్లోమం అనే గ్రంథి దాన్ని తయారు చేస్తుంది. ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్నది సరిగ్గా పని చేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలబడిపోతుంది. రక్తం పోని చోటు ఒంట్లో లేదు. అందుకే ఈ రోగం కన్ను, కిడ్నీ, గుండె, నరం, పాదం అన్నిటినీ పట్టుకుంటుంది.

డాక్టరమ్మ మాకు కొన్ని అంకెలు బోర్డు మీద రాసి చూపించింది. మేం వాటిని సంఘం పుస్తకం అట్ట వెనక రాసుకున్నం, మీరు కూడా రాసుకోండి. పొద్దున పరగడుపున చూస్తే 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 వరకు ఉంటే షుగర్ రాబోతుందని హెచ్చరిక. 126, ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు, ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఉంది. అది 6.5, ఆపైన వస్తే షుగర్ కింద లెక్క. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి దాన్ని 7 లోపు ఉంచమని చెప్తారు. వయసును బట్టి, వేరే రోగాలను బట్టి ఎవరికి ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి.

దాహం ఎక్కువ కావడం, రాత్రిపూట మాటిమాటికి మూత్రానికి లేవడం, ఊరికే బరువు తగ్గడం, పుండ్లు మానకపోవడం, ఆడవాళ్లకు మర్మాంగాల దగ్గర దురద మళ్లీ మళ్లీ రావడం, ఇవన్నీ గుర్తులే. కానీ చాలామందికి ఏ గుర్తూ ఉండదు. మా అక్కకు మూడేండ్లు "మంచిగనే" అనిపించింది ఇందుకే. ఒంట్ల మంచిగ ఉండటం వేరు, షుగర్ అదుపులో ఉండటం వేరు. పరీక్ష చేస్తేనే తెలుస్తది.

ఇది పట్నం పెద్దోళ్ల రోగం అనుకునేవాళ్లం. 2023లో ఐసీఎంఆర్ వాళ్ల పెద్ద సర్వే ఫలితాలు వచ్చాయి. మన దేశంలో దాదాపు 10 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13 కోట్లకు పైగా అంచు మీద ఉన్నారని అందులో చెప్పిండ్రు. ఇంతమంది పట్నాల్లోనే ఉండరు కదా.

మన పాలమూరుల తిండి మారింది, పని మారింది. మన అమ్మమ్మల కాలంల జొన్న రొట్టె, గటక, అంబలి. కరువొస్తే మూటా ముల్లె కట్టుకొని పాలమూరు లేబర్ అని పేరు పెట్టించుకొని దేశమంతా మట్టి మోసిండ్రు. జూరాల, భీమా, కల్వకుర్తి నీళ్లొచ్చినంక వరి పండింది, వలస తగ్గింది. అది మనకు సంతోషమే. కానీ మూడు పూటలా బువ్వే అయింది. కోతకు మిషనొచ్చింది, పొలానికి బండి మీద పోతున్నం. చాయ్‌లు పెరిగినయ్. రేషన్‌ల సన్నబియ్యం వస్తున్నయ్, పల్లెం నిండుతున్నది. కూర మాత్రం పల్లెంల ఇప్పటికీ ఒక మూలకే ఉంటది.

దేనిదేని మీద పడుతుంది

పాదం సంగతి చెప్పినం. షుగర్ చాన్నాళ్లు ఎక్కువ ఉంటే నరాలు మొద్దుబారుతాయి, రక్తం సరిగ్గా అందదు. అందుకే దెబ్బ తెలువదు, తగిలిన దెబ్బ మానదు. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడుచుకొని చూసుకోవాలి. అరికాలు కనపడకపోతే అద్దం పెట్టుకోవాలి, లేకుంటే మనుమరాలిని చూడమనాలి. పొలంల అయినా, వాకిట్ల అయినా చెప్పులు లేకుండా నడవొద్దు. బురదల నాట్లేసే రోజు ఇంటికొచ్చినంక తప్పకుండా పాదాలు చూసుకోవాలి. తిమ్మిరని వేడినీళ్లలో కాళ్లు పెడితే కాలింది కూడా తెలువదు. ఆనెలు బ్లేడుతో కోసుకోవద్దు. చిన్న బొబ్బైనా రెండు రోజుల్లో దవాఖానకు పోవాలి.

కన్ను. కంటి వెనక సన్నని రక్తనాళాలు పాడైతే మొదట్లో చూపు మంచిగనే ఉంటుంది. చూపు మసకబారేటప్పటికి ఆలస్యమైతది. కండ్లద్దాల పరీక్ష సరిపోదు, కంటిపాప వెనక భాగం చూసే పరీక్ష ఏడాదికొకసారి చేయించుకోవాలి.

కిడ్నీ. ఇక్కడ మన దగ్గర ఒక మాట బాగా తిరుగుతది, "షుగర్ గోలీలు మింగితే కిడ్నీలు ఖరాబైతయ్" అని. ఆ మాట విని గోలీలు ఆపినోళ్లు మా ఊళ్లె ఐదారుగురు ఉన్నరు. డాక్టరమ్మ చెప్పింది వేరే. కిడ్నీలను ఎక్కువగా పాడు చేసేది అదుపు తప్పిన షుగర్, అదుపు తప్పిన బీపీ. వాటికి తోడు మనం నాట్ల కాలంల, కలుపు కాలంల నడుము నొప్పికి కొనుక్కొని మింగే నొప్పి గోలీలు. షుగర్ గోలీ ఆపి నొప్పి గోలీ మింగుతున్నం, చూడండి అక్కా! ఏడాదికొకసారి మూత్రంల ప్రోటీన్ పోతుందా, రక్తంల క్రియాటినిన్ ఎంత ఉంది అని చూపించుకుంటే ముందే తెలుస్తది. డయాలసిస్ దాకా పోయినోళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది, పింఛన్ కూడా ఉంది. కానీ వారానికి రెండు మూడుసార్లు మిషన్ మీద పడుకునే బతుకు ఏ పింఛన్‌కూ సమానం కాదు.

గుండె. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి పెద్ద నొప్పి లేకుండానే వస్తుంది. ఆయాసం, చెమటలు, విపరీతమైన నీరసం ఉంటే గ్యాస్ అనుకొని ఇంట్ల పండుకోవద్దు, 108కు ఫోన్ చేయాలి.

కడుపుతో ఉన్న పిల్లలకు కూడా షుగర్ రావచ్చు. మొదటిసారి పేరు రాయించుకున్నప్పుడు ఒకసారి, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకు చూస్తారు. 140, ఆపైన ఉంటే జాగ్రత్త పడాలి. కాన్పు తర్వాత తగ్గిపోయినా తల్లికి ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. కోడళ్లను పరీక్షకు పంపే పని అత్తలమైన మనదే.

మేం నమ్మి మోసపోయిన మాటలు

"చేదు తింటే తీపి విరుగుతది" అని కాకరకాయ రసం, వేపాకు మీద బతికినోళ్లున్నరు. కాకరకాయ కూర తినండి, మంచిదే. కానీ గోలీ ఆపి తినొద్దు. అంగడిల పొడి అమ్మేటాయన "మూడు నెలల్ల షుగర్ ఖతం" అంటడు. మా ఊళ్లె ఒక్కొక్కరు వేలకు వేలు పెట్టిండ్రు. ఆ పొడి కొనడానికి సంఘం నుంచి చిన్న అప్పు తీసుకున్న అక్క కూడా ఉంది. ఆ అప్పు మేమే మంజూరు చేసినం.

"జొన్న రొట్టె ఎన్నైనా తినొచ్చు" అనేది ఇంకొక మాట. జొన్న, రాగి మంచివే, పీచు ఉంటది, నిదానంగా అరుగుతయ్. కానీ అవి కూడా చక్కెరగానే మారుతయ్. లెక్క తప్పితే అవి కూడా పెంచుతయ్. మేం నేర్చుకున్న కొలత సులువు. పల్లెంల సగం కూరగాయలు, ఆకుకూర. పావు పప్పు, గుడ్డు, చేపలాంటివి. మిగతా పావు బువ్వ లేదా రొట్టె. బెల్లం చాయ్ చక్కెర చాయ్ కన్న మంచిదని అనుకోవద్దు, రెండూ ఒకటే.

ఇన్సులిన్ సూది అంటే చావు దగ్గరికొచ్చినట్టు అని భయపడుతం. 1921లో కెనడా దేశంల టొరంటోల బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను కనిపెట్టిండ్రు. 1922 జనవరిల ఒక 14 ఏండ్ల పిల్లగానికి మొదటిసారి ఆ సూది ఇచ్చిండ్రు. అంతకు ముందు ఆ రకం షుగర్ వచ్చిన పిల్లలు బతికేటోళ్లు కాదు. బాంటింగ్ పుట్టిన నవంబర్ 14నే ప్రపంచ మధుమేహ దినం చేస్తరు. సూది ప్రాణం పోసేది, తీసేది కాదు. ఫ్రిజ్ లేనోళ్లు నీళ్లు చల్లిన మట్టికుండల, సీసా తడవకుండ పెట్టుకోవచ్చు. గడ్డకట్టే అరల మాత్రం పెట్టొద్దు.

ఇంకొకటి తప్పకుండ గుర్తుంచుకోవాలి. గోలీ మింగి, సూది వేసుకొని బువ్వ తినకుండ పనికి పోతే, శనివారమని, ఏకాదశని ఉపవాసముంటే షుగర్ ఒక్కసారి పడిపోతది. చెమటలు, వణుకు, కండ్లు తిరగడం, మాట తడబడటం ఉంటది. తెలివి ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగియ్యాలి. పావుగంట చూసి తగ్గకపోతే మళ్లీ ఇయ్యాలి. తెలివి తప్పితే నోట్ల ఏం పోయొద్దు, 108 పిలవాలి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగాలి.

మా సంఘం ఏం చేసింది

ఆ అక్క దవాఖాన నుంచి వచ్చినంక మేం మళ్లీ ఆమె వాకిట్లకు పోయినం. ఈసారి అడగడానికి పోలేదు. జరిమానా కొట్టేస్తున్నమని చెప్పి, తప్పయింది అక్కా అన్నం. ఆమె ఏడ్వలేదు. "మీరు ఆ రోజు చీర లేపి చూడండ్రి అంటే చూపిస్తుంటి కావచ్చు" అన్నది. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ పడుకోనిస్తలేదు.

ఆ తర్వాతి మీటింగ్‌కు ఏఎన్ఎంను, ఆశా అక్కను పిలిచి అక్కడనే వేలు గుచ్చి చూడమన్నం. అంతకు ముందు ఊళ్లె క్యాంపు పెట్టినప్పుడు మాలో చాలామందిమి మొగోళ్లను తోలుకపోయి, లైన్ల నిలబెట్టి, మనం మాత్రం "పొయ్యి మీద పప్పుంది" అని వచ్చేటోళ్లం. ఇంట్ల అందరు తిన్నంక తిన్నట్టే, అందరికీ చూపించినంక చూపించుకుందమని. మీటింగ్‌లో అట్ల తప్పించుకునే వీలు లేదు, అందరి వేళ్లు ఒక్కసారే. పన్నెండు మందిమి సభ్యులం. ఇద్దరికి ఎక్కువ వచ్చింది, ఒకామెకు అంచు మీద ఉంది. అంచు మీదున్నది మేమే, ఇప్పుడు మైకు పట్టుకొని చెప్తున్నోళ్లమే. పరగడుపున 118. ముప్పై దాటినమో లేదో మాకెందుకు వస్తది అనుకున్నం. అప్పటి నుంచి రోజుకు అరగంట నడుస్తున్నం, బువ్వ తగ్గించినం, రెండు చాయ్‌లు మానేసినం. మొన్న చూపిస్తే 104 వచ్చింది.

ఎక్కువ వచ్చిన ఇద్దరిని మేమే వెంటబెట్టుకొని పీహెచ్‌సీకి పోయినం. మహాలక్ష్మి బస్సు 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు ఉచితమే కదా, చార్జీ లేదనే సాకు కూడా లేదు. ముప్పై ఏండ్లు దాటిన అందరికీ షుగర్, బీపీ ప్రభుత్వ దవాఖానల ఉచితంగనే చూస్తరు. గోలీలు నెల నెలా ఊరికే ఇస్తరు. పెద్ద డాక్టర్లు కావాలంటే 2022లో మన వనపర్తికే మెడికల్ కాలేజీ వచ్చింది. ఇన్ని ఉన్నయ్. పోవడానికి తోడు లేకనే, ఇంట్ల చెప్పుకోలేకనే ఆగిపోతున్నం. ఆ తోడు సంఘం కావాలి.

ఇప్పుడు మా మీటింగ్‌ల అప్పుల లెక్క కన్న ముందు పది నిమిషాలు ఆరోగ్యం లెక్క. గోలీలు తెచ్చుకున్నరా, పాదం చూసుకున్నరా, పరీక్ష ఎప్పుడు. షుగర్ ఉన్నోళ్లు చెప్పులు విప్పి చూపిస్తరు. మొదట్ల సిగ్గు పడ్డరు, నవ్వుకున్నరు. ఇప్పుడు ఆ కాలు పోయిన అక్కనే ఒక్కొక్కరి అరికాలు పట్టుకొని చూస్తది. పోయిన నెల ఒకామె వేళ్ల సందున పగులును ఆమెనే పట్టింది. అది వారంల మానిపోయింది.

మేం ఈ సభను అడిగేది

మా గ్రామ సంఘం తరఫున మూడు తీర్మానాలు ఈ సభ ముందు పెడుతున్నం. ఒకటి, ఎవరైనా రెండు కిస్తీలు కట్టకపోతే జరిమానా రాసే ముందు ఇద్దరు సభ్యులు ఇంటికి పోయి ఆరోగ్యం అడగాలి. రోగం వల్ల ఆగితే జరిమానా వద్దు, గడువు మార్చి ఇయ్యాలి. రెండు, ముప్పై దాటిన ప్రతి సభ్యురాలికి ఏడాదికొకసారి షుగర్, బీపీ పరీక్ష అయినట్టు సంఘం పుస్తకంల ఒక గీత ఉండాలి. ఎంత వచ్చిందో రాయొద్దు, అది ఆమె సొంత విషయం. పరీక్ష అయిందా లేదా అంతే. మూడు, గ్రామ సంఘం దగ్గర ఉన్న నిధిల కొంత పక్కన పెట్టి, రోగంతో పట్నం పోవాల్సి వచ్చిన సభ్యురాలికి అదే రోజు చేతికి అందేటట్టు చూడాలి. మా అక్క కొడుకు ఆ రాత్రి నూటికి ఐదు రూపాయల మిత్తికి తెచ్చిండు. పక్క వీధిలనే సంఘం ఉంది, సంఘం ఖాతాల పైసలున్నయ్.

వీటికి పైసలు తగ్గుతయ్ అంటరేమో. తగ్గవు. మా అక్క రెండు కాళ్ల మీద ఉన్నన్ని రోజులు ఒక్క కిస్తీ కూడా ఎగ్గొట్టలేదు. ఇప్పుడు మా సాయంతో ఇంటి ముందు చిన్న కిరాణం పెట్టింది, మళ్లీ నెల నెలా కడుతున్నది. కానీ నాట్లకు రాలేదు, బతుకమ్మ ఆడలేదు. పోయిన బతుకమ్మ నాడు కుర్చీల కూర్చొని చప్పట్లు కొట్టింది.

ఈ సభల కూర్చున్న అక్కలల్ల చీర కుచ్చెళ్ల కింద పాదం దాచుకున్నోళ్లు ఎందరున్నరో మాకు తెలువదు. ఇవాళ ఇంటికి పోయి చూసుకోండి. రేపు మీటింగ్‌ల పక్కామెను అడగండి. ఆమె చెప్పకపోతే ఇంకోసారి అడగండి.

 తీర్మానాలు బలపరుస్తున్నోళ్లు చేతులెత్తండి.